కాళ్ల బలం, పాదాల పట్టు, ఆటలో బ్యాలెన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట గ్రౌండ్‌లో పిల్లలకు కబడ్డీ, పరుగు నేర్పిస్తుంటాను. గేటు దగ్గర ఆగి తల్లిదండ్రులు అడిగేవి, ప్రాక్టీస్ అయ్యాక బూట్లు విప్పుకుంటూ ఆటగాళ్లు అడిగేవి చాలావరకు ఇవే ప్రశ్నలు. హడావిడిలో సగం జవాబు చెప్పి పంపేసిన రోజులున్నాయి. అందుకే ఇక్కడ తీరిగ్గా, పూర్తిగా రాస్తున్నాను.

కాళ్లు బలంగా ఉంటే బ్యాలెన్స్ దానంతటదే వస్తుందా?

రాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి దీన్ని మొదట పెట్టాను.

మా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు జిమ్‌లో తన బరువుకు ఒకటిన్నర రెట్లు భుజాన వేసుకుని స్క్వాట్లు తీస్తాడు. తొడలు రోకళ్లలా ఉంటాయి. ఒకరోజు బూట్లు విప్పించి, ఒంటికాలి మీద నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాను. నేను ఆరు అంకెలు లెక్కపెట్టేలోపే రెండో కాలు నేలకు ఆనింది. పక్కనే ఉన్న పదమూడేళ్ల పాప, ఇంకా బరువులు ముట్టుకోని పిల్ల, ముప్ఫై దాకా కదలకుండా నిలబడింది.

ఇది ఆ ఒక్క కుర్రాడి సంగతి కాదు. పిల్లల నుంచి వృద్ధుల దాకా ఆరోగ్యవంతుల కాళ్ల బలాన్నీ బ్యాలెన్స్‌నీ కొలిచిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష 2015లో స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. రెండింటికీ సంబంధం ఉంది గానీ అది చిన్నదే అని అందులో తేలింది. కాబట్టి స్క్వాట్ బరువు పెంచుకుంటూ పోతే నిలకడ కూడా వెంటే పెరుగుతుందని అనుకోకూడదు. దేని సాధన దానికి ఉండాలి.

మరి బలం ఎందుకు? ఊరికే నిలబడటానికి పెద్ద బలం అక్కర్లేదు. తూలిన ఒంటిని తిరిగి నిలబెట్టుకోవడానికి కావాలి. ఆటలో ప్రతి అడుగులోనూ కాస్త తూలడం ఉంటుంది. పక్కవాడి భుజం తగులుతుంది, మలుపులో ఒళ్లు బయటికి వెళ్లిపోతుంది, ఎగిరి దిగితే నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. అప్పుడు ఒళ్లు ఎటు పోతోందో పసిగట్టడం బ్యాలెన్స్ పని. పసిగట్టిన మరుక్షణం ఆపడం బలం పని. ఆ కుర్రాడికి ఆపే శక్తి బోలెడు ఉంది, పసిగట్టడం ఆలస్యమవుతోంది. ఆ పాపకు వెంటనే తెలుస్తోంది, కానీ ఎవరైనా గట్టిగా నెడితే ఆపుకోలేదు. ఇద్దరికీ ఇచ్చే ప్రాక్టీస్ వేరు.

అసలు మనం పడిపోకుండా ఎలా ఉంటున్నాం?

కళ్లు, లోపలి చెవిలోని సమతుల్యత భాగం, కండరాల్లో కీళ్లలో చర్మంలో ఉండే స్పర్శ నరాలు: ఈ మూడు చోట్ల నుంచి మెదడుకు కబురు వెళ్తుంది. అరికాలి చర్మం ఇందులో చాలా పెద్ద పని చేస్తుంది. బరువు మడమ మీద ఉందా, వేళ్ల మీదికి జరిగిందా అన్నది ముందుగా తెలిసేది అక్కడే.

కబురు అందాక ఒళ్లు ఏం చేస్తుందో చూడాలంటే ఆర్టీసీ బస్సులో నిలబడి ఏమీ పట్టుకోకుండా గమనించండి (ఖాళీ రోడ్డు మీద, కమ్మీ చేతికి అందేంత దగ్గర్లో). బస్సు మెల్లగా ఊగినంతసేపు చీలమండల దగ్గరే సర్దుకుంటాం. పిక్కలు ఒకసారి, ముంగాలి ముందు వైపు కండరం ఒకసారి బిగుస్తుంటాయి. డ్రైవర్ కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే నడుము దగ్గర వంగి సర్దుకుంటాం. ఇంకా గట్టిగా వేస్తే అడుగు వేయక తప్పదు. ఆటలోనూ ఈ మూడు అంచెలే. చీలమండలో, పాదంలో సత్తువ ఉన్నవాడు చాలాసేపు మొదటి అంచెలోనే నెట్టుకొస్తాడు. లేనివాడికి చిన్న తాకిడికే నడుము వంగిపోతుంది, అడుగు పడిపోతుంది. ఆ అనవసరపు అడుగే ప్రత్యర్థికి అవకాశం.

పాదంలో ఉన్న చిన్న చిన్న కండరాలతో ఆటకు పనేముంటుంది?

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. పొడవునా లోపలి వైపు ఒక వంపు, బయటి వైపు ఒకటి, అడ్డంగా ఒకటి, మొత్తం మూడు వంపులు. అరికాలి కింద చిన్న కండరాలు నాలుగు పొరలుగా ఉండి ఆ వంపులను లోపలి నుంచి పట్టుకుంటాయి. పిక్క నుంచి దిగే పొడవాటి కండరాలు బయటి నుంచి లాగి పట్టుకుంటాయి. డేరాకు లోపల గుంజలు, బయట తాళ్లు ఉన్నట్టన్నమాట.

పాదం నేలను తాకినప్పుడు వంపు కొంచెం దిగి దెబ్బను మింగుతుంది. నేలను తన్ని లేచేటప్పుడు అదే పాదం గట్టి చెక్కలా మారాలి. లోపలి కండరాలు నీరసంగా ఉంటే ఈ మార్పు సరిగ్గా జరగదు. వంపు దిగిపోతుంది, దానితో ముంగాలు లోపలికి తిరుగుతుంది, మోకాలు కూడా లోపలికి పోతుంది. మోకాలు నొప్పి అని వచ్చే పిల్లల్లో కొందరికి నేను మొదట పాదం చూసేది అందుకే.

బ్రెజిల్‌లో సరదాకు పరుగెత్తే 118 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో పాదం, చీలమండ వ్యాయామాలు చేయించి ఏడాది పాటు గమనించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఆ వ్యాయామాలు చేయని గుంపుకు పరుగు గాయాలయ్యే అవకాశం 2.42 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఖర్చు లేని, చెమట కూడా పట్టని వ్యాయామాలకు ఇంత ఫలితం ఉందంటే పిల్లలకు నేర్పకుండా ఎలా ఉంటాం?

బోనస్ గీత దగ్గర మా అమ్మాయి తూలిపోతోంది సార్. కాళ్లలో బలం లేదంటారా?

ఈ ప్రశ్న అడిగిన తండ్రిని మ్యాట్ పక్కన కూర్చోబెట్టి, అమ్మాయి పాదాన్నే చూడమన్నాను. మీకూ అదే చెబుతాను.

కబడ్డీలో అవతల ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది డిఫెండర్లు ఉన్నప్పుడే బోనస్ పాయింటు దొరుకుతుంది. ఒక పాదం బోనస్ గీత దాటి నేలను తాకాలి, ఆ సమయంలో వెనక కాలు గాలిలో ఉండాలి. అంటే చుట్టూ ఆరుగురు కాచుకుని ఉండగా, కూత ఆపకుండా, శరీరం బరువంతా ఒక్క పాదం మీద పెట్టి, మళ్లీ అదే పాదంతో వెనక్కి తన్ని రావాలి.

ఆ అమ్మాయి పాదం గీత దాటగానే వేళ్లు కొంకుల్లా ముడుచుకుపోతున్నాయి. మ్యాట్‌ను గోళ్లతో పట్టుకున్నట్టు. బొటనవేలి మూలం మాత్రం పైకి లేచిపోయింది. బరువు చిటికెన వేలి వైపు దొర్లింది. చీలమండ ముందు నరం తాడులా పైకి తేలి వణుకుతోంది. ఇవన్నీ అర సెకను లోపలే జరిగిపోయాయి. తర్వాత నడుము వంగింది, చెయ్యి కిందికి వచ్చింది, మూల మీదున్న డిఫెండర్ చీలమండ పట్టేసింది.

తొడల్లో ఆమెకు కావలసినంత బలం ఉంది. లోపం బొటనవేలి మూలం దగ్గర. మడమ, బొటనవేలి మూలం, చిటికెన వేలి మూలం అనే మూడు చోట్లా బరువు సమంగా ఆనాలి, వేళ్లు చాపుకుని నేలను నొక్కాలి. ఆరు వారాలు అదే చేయించాం. మొదట గోడ పట్టుకుని, తర్వాత గోడ వదిలి, తర్వాత నేను పక్క నుంచి భుజం మీద తడుతుంటే, చివరికి కూతతో. వరస మాత్రం తప్పనివ్వలేదు.

ఏ కండరాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి?

పిక్కలకు నా మొదటి ఓటు. పిక్క లోపలి పొరలో ఉండే సోలియస్ కండరం పరుగులో శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల దాకా బలం పుట్టిస్తుంది. అయినా దానికంటూ వేరే వ్యాయామం చేసేవాళ్లు తక్కువ. మోకాలు కొద్దిగా వంచి మడమలు ఎత్తితే దానికి పని తగులుతుంది, మోకాలు నిటారుగా పెట్టి ఎత్తితే పై పొరకు.

రెండోది పిరుదుల పక్కనుండే కండరం, గ్లూటియస్ మీడియస్. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము ఒక పక్కకు జారిపోకుండా పట్టేది ఇదే. మూడోది పిక్క బయటి వైపు ఉండే పెరోనియల్ కండరాలు. పాదం లోపలికి మడత పడకుండా అడ్డుకునేవి ఇవి. తొడ ముందు, వెనక కండరాల సంగతి ఎలాగూ అందరూ చూసుకుంటారు.

కాలు ఒకసారి బెణికింది, అప్పటి నుంచి మళ్లీ మళ్లీ బెణుకుతోంది. ఎందుకు?

ఇది నేను సొంతంగా అనుభవించిన బాధ. డిగ్రీ రెండో ఏడు ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగుతూ ఎదుటివాడి పాదం మీద దిగాను. చీలమండ లోపలికి మడత పడింది. చూస్తున్నవాళ్లలో ఒక పెద్దాయన మంచి మనసుతోనే వచ్చి, ‘నరం తప్పింది’ అంటూ కాలు పట్టి గట్టిగా గుంజాడు. కళ్లు బైర్లు కమ్మాయి. పది రోజులకు వాపు తగ్గింది, నేను మళ్లీ ఆటలో దిగిపోయాను. ఆ ఏడాదిలో అదే కాలు ఇంకో మూడుసార్లు బెణికింది. చివరిసారి బస్టాండులో మెట్టు దిగుతుంటే.

నొప్పి పోవడం వేరు, కాలు బాగవడం వేరు అని అప్పుడు చెప్పినవాళ్లు లేరు. చీలమండ బయటి వైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) సాగినప్పుడు, అందులో ఉండి కీలు ఎంత వంగిందో చెప్పే నరాల కొసలు కూడా దెబ్బతింటాయి. వాపు తగ్గినా ఆ కబురు మందగిస్తుంది. పైగా కుంటుతూ నడిచిన రోజుల్లో పిక్క, పెరోనియల్ కండరాలు చిక్కిపోతాయి. పసిగట్టేదీ తగ్గింది, ఆపేదీ తగ్గింది, మరి బెణక్క ఏం చేస్తుంది?

ఇంకో సంగతి. కాలు మడత పడటానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కబురు వెళ్లి కండరం బిగిసి బలం పుట్టేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే నేలను తాకకముందే, గాలిలో ఉండగానే చీలమండ చుట్టూ కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. అది సాధనతో వచ్చే అలవాటు. దిగడం నేర్పకుండా ఎగరడం నేర్పితే సగం చదువే.

మంచి కబురేమిటంటే ఇది ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది ఆటగాళ్ల మీద చేసిన పరిశోధన 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు ఇంట్లో బ్యాలెన్స్ వ్యాయామాలు చేసినవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ బెణికింది నూటికి 22 మందికి. చేయనివాళ్లలో 33 మందికి.

బెణికిన వెంటనే గుంజించుకోవడం, గట్టిగా మర్దన చేయించుకోవడం వద్దు. ఐస్, క్రేప్ బ్యాండేజి, కాలు ఎత్తులో పెట్టడం, నొప్పి లేనంత మేర పాదం కదపడం చాలు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక మీద వెనక అంచున నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, పాదం మధ్యలో గానీ చిటికెన వేలి వైపు గానీ ఎముక మీద నొప్పి ఉంటే డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించాలి.

మా బాబుకు చదును పాదాలు. ఆటలకు పనికిరాడా?

సైన్యంలో భర్తీకి పాదాలు చూస్తారు కాబట్టి మన ఊళ్లలో ఈ భయం ఎక్కువ. బాబును మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపిస్తే పాదం మెత్తగానే ఉంది, నొప్పి లేకపోతే నిశ్చింతగా ఆడించండి. చిన్నపిల్లల పాదాలు చదునుగా ఉండటం సహజం, పెరిగే కొద్దీ వంపు వస్తుంది. మునివేళ్ల మీద నిలబడినా వంపు రాకపోతే, నొప్పి ఉంటే, ఒక్క పాదమే అలా ఉంటే ఎముకల డాక్టరును కలవాలి.

ఉత్త కాళ్లతో ప్రాక్టీస్ మంచిదేనా?

కొంత మంచిదే, మెల్లగా మొదలుపెడితే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతోనే మారథాన్ గెలిచాడు. ఆ మాట చెప్పి రేపటి నుంచే బూట్లు పారేస్తామనే పిల్లలుంటారు. పుట్టినప్పటి నుంచి మెత్తటి బూట్లలో పెరిగిన పాదానికి ఆ భారం ఒక్కసారిగా పెడితే పాదం ఎముకల్లో సన్నటి చీలిక రావచ్చు.

పలుచటి అడుగు ఉన్న బూట్లతో రోజూ నడిచినవాళ్లలో పాదం కండరాలు, పాదానికి ప్రత్యేకంగా వ్యాయామం చేసినవాళ్లతో సమానంగా పెరిగాయని 2019లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి వార్మప్‌లో పది నిమిషాలు గడ్డి మీదో మ్యాట్ మీదో ఉత్త కాళ్లతో చేయండి. గాజు పెంకులు, మేకులు లేవని ముందు చూసుకోండి. షుగర్ ఉన్న పెద్దలు, పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు మాత్రం ఈ పని చేయొద్దు. దెబ్బ తగిలినా వాళ్లకు తెలియకపోవచ్చు.

వొబుల్ బోర్డు (ఊగే చెక్క), బోసు బాల్ (సగం బంతి) లాంటి బ్యాలెన్స్ పరికరాలు కొనాలా?

అక్కర్లేదు. నాలుగు మడతలు వేసిన దుప్పటి చాలు. అసలు మన తొక్కుడు బిళ్ల కంటే మంచి సాధనం ఏముంది? ఒంటికాలి మీద గెంతడం, గడిలో ఆగడం, వంగి బిళ్ల తీయడం, గీత తొక్కకుండా తిరిగి రావడం. కుంటుతూ పట్టుకునే ఆట కూడా అంతే. పొలం గట్టు మీద తలమీద మోపుతో నడిచిన మన పెద్దవాళ్లకు ఏ బోర్డూ అవసరం పడలేదు.

పాదం ఎంత నేర్చుకోగలదో చూడాలనుంటే కూచిపూడి తరంగం చూడండి. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని, వేళ్లతో అంచును పట్టి పళ్లేన్ని తాళానికి జరుపుతుంది. నేను మా పిల్లలకు ఆ వీడియోలు చూపించి, ముఖం వైపు కాదు, పాదాల వైపు చూడమంటాను.

బోర్డు మీద ఊగుతూ బరువులు ఎత్తడం మాత్రం నాకు నచ్చదు. కదిలే నేల మీద పెద్ద బరువు ఎత్తలేం, కాబట్టి బలం అంతగా పెరగదు. బలానికి గట్టి నేల, బ్యాలెన్స్‌కు కదిలే నేల, విడివిడిగా పెట్టుకోండి.

ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి?

ఒంటికాలి మీద నిలబడి, గోడకు రెండు వేళ్లు ఆనించి, మడమ పూర్తిగా ఎత్తుతూ దించుతూ లెక్కపెట్టండి. ఆటగాళ్లయితే 25 దాకా రావాలి. రెండు కాళ్ల మధ్య నాలుగైదు తేడా ఉంటే తక్కువ వచ్చిన కాలికి అదనంగా ఒక సెట్ పెట్టండి.

తర్వాత నేల మీద టేపు అతికించి ఒంటికాలి మీద నిలబడండి. రెండో కాలి వేళ్లను ముందుకు వీలైనంత దూరం చాచి నేలను సుతారంగా తాకించి, పడకుండా వెనక్కి తీసుకోండి. దూరం కొలిచి, రెండో కాలితోనూ చేయండి. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనలో (2006) రెండు కాళ్ల మధ్య 4 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉన్నవాళ్లకు కాలి గాయాల అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. తర్వాత వేరే ఆటల్లో చేసిన పరిశోధనలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు, కాబట్టి తేడా వచ్చిందని టెన్షన్ పడొద్దు. సరిచేసుకోవాల్సిన చోటు తెలిసిందనుకోండి.

వారానికి ఎంత చేయాలి?

పాదానికి రోజూ ఐదు నిమిషాలు. నిలబడి, వేళ్లు ముడవకుండా, బొటనవేలి మూలాన్ని మడమ వైపు లాక్కున్నట్టు చేసి ఐదు సెకన్లు ఆపాలి. వంపు కొద్దిగా లేస్తుంది. కాలికి పదిసార్లు. తర్వాత బొటనవేలు ఒక్కటే ఎత్తడం, అది దించి మిగతా నాలుగు ఎత్తడం. మొదటి వారం వేళ్లు మాట వినవు, చేత్తో పట్టుకుని నేర్పాలి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద ఉంటే బ్యాలెన్స్ సాధన కూడా అందులోనే అయిపోతుంది.

బలానికి వారంలో రెండు మూడు రోజులు చాలు. ఒంటికాలి మడమ ఎత్తుళ్లు, ఒంటికాలితో కుర్చీలోంచి లేవడం, మెట్టు ఎక్కి దిగడం. ఇవి తేలికయ్యాక చేతిలో బరువు పట్టుకోండి. బస్కీలు తీసే అలవాటుంటే మానొద్దు, మడమలు లేచి మునివేళ్ల మీద తీసే బస్కీ పాదానికి బాగా పనికొస్తుంది.

వార్మప్‌లో దూకడం, దిగడం కలపండి. ఎగిరి ఒంటికాలి మీద దిగి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా బిగదీసుకుని ఆగాలి. మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి, లోపలికి పోకూడదు. ఫుట్‌బాల్ కోసం ఫిఫా తయారుచేయించిన 20 నిమిషాల వార్మప్‌లో పరుగు, బలం, బ్యాలెన్స్, దూకడం అన్నీ కలిపి ఉంటాయి. నార్వేలో అమ్మాయిల జట్లలో దీన్ని పరీక్షించినప్పుడు మొత్తం గాయాలు మూడో వంతు దాకా తగ్గాయని 2008లో ప్రచురించారు. క్రమం తప్పకుండా చేసిన జట్లకే ఆ లాభం ఎక్కువ.

అలసిపోయాక బ్యాలెన్స్ తగ్గడం మామూలేనా?

మామూలే. అలసిన కండరం ఆలస్యంగా బిగుస్తుంది. కానీ మ్యాచ్ చివరి ఐదు నిమిషాలు గెలిపించేవి, గాయపరిచేవి కూడా. కొత్త వ్యాయామాన్ని ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు నేర్పండి. బాగా వచ్చాక, వారానికి ఒక్కరోజు ప్రాక్టీస్ చివర్లో అదే చేయించి చూడండి.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఉన్నట్టుండి తడబడుతుంటారు. భయపడాలా?

ఆ వయసులో ఎముకలు గబగబా పొడుగెదుగుతాయి. కొత్త కొలతలకు మెదడు అలవాటుపడాలి. కొన్ని నెలలు తడబాటు ఉండొచ్చు. దయచేసి అప్పుడు తిట్టకండి, జట్టులోంచి తీసేయకండి. దూకడాలు తగ్గించి, బ్యాలెన్స్ ఆటలు పెంచండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

ఒంటికాలి నిలకడ రెండు మూడు వారాల్లోనే మారుతుంది, ఎందుకంటే మొదట నేర్చుకునేది నరాలే. కండరంలో బలం కనిపించడానికి రెండు నెలలు ఇవ్వండి. పాదం కండరాలకు ఇంకొంచెం ఎక్కువ ఓపిక కావాలి. మొదట రాసిన ఆ జిమ్ కుర్రాడికి నెల రోజులు బరువు పెంచనివ్వలేదు. స్క్వాట్ల మధ్య విరామంలో బూట్లు విప్పి ఒంటికాలి మీద నిలబడమన్నాను, అంతే. మొన్న కళ్లు మూసుకుని ఇరవై ఎనిమిది దాకా వచ్చాడు. ఆ పాప ఇప్పుడు రెండు చేతుల్లో చెరో లీటరు నీళ్ల సీసా పట్టుకుని ఒంటికాలితో కుర్చీలోంచి లేస్తోంది. ఎడమ కాలితో పది, కుడి కాలితో ఏడు. కుడి వైపు ఇంకా పని ఉంది.